ఏనుగును గాలికి వదిలి గెలిచిన ఆట: ఆరోనియన్–ఆనంద్, 2013

అప్పట్లో ఆర్మేనియాకు ఆడిన గ్రాండ్‌మాస్టర్ లెవోన్ ఆరోనియన్ మీద మన విశ్వనాథన్ ఆనంద్ 23 ఎత్తుల్లో గెలిచిన చదరంగం ఆటను చూసి మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఏనుగు పోతున్నా తిరిగి చూడకుండా ఆనంద్ ఆడిన ఎత్తులు బోర్డు ముందు కూర్చుని ఆలోచించినవా, లేక ఇంట్లో కంప్యూటర్ దగ్గర కంఠతా పట్టి వచ్చినవా అన్నది మొదటిది. 2800 రేటింగ్ దాటిన ఆటగాడు, అందునా తెల్ల పావులతో, అంత త్వరగా ఎలా కూలిపోయాడన్నది రెండోది. నేను చాలా ఏళ్లుగా పిల్లలకు చదరంగం నేర్పుతున్నాను. ఈ ఆటను ఎన్నిసార్లు బోర్డు మీద పెట్టి చూపించి ఉంటానో లెక్కలేదు. అందుకని కొంచెం వివరంగానే రాస్తున్నాను. పక్కన బోర్డు పెట్టుకుని చదవండి.

ముందుగా పేర్ల సంగతి. పావుల పేర్లు మన దగ్గర ఊరికో తీరుగా ఉన్నాయి కాబట్టి, ఇక్కడ ఏనుగు అంటే మూలన ఉండి నిలువుగా, అడ్డంగా నడిచే రూక్ అనీ, శకటు అంటే ఐమూలగా నడిచే బిషప్ అనీ, మంత్రి అంటే క్వీన్ అనీ తీసుకోండి. గళ్ళ పేర్లు అందరూ వాడే పద్ధతిలోనే, తెల్లవైపు ఎడమ నుంచి కుడికి ఎ మొదలు హెచ్ దాకా, తెల్లవైపు నుంచి నల్లవైపుకు 1 మొదలు 8 దాకా రాశాను.

ఆట జరిగింది 2013 జనవరి 15న, నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ అనే సముద్రతీర గ్రామంలో, టాటా స్టీల్ టోర్నమెంటు నాలుగో రౌండులో. అప్పటికి ఆనంద్ ప్రపంచ చాంపియన్, వయసు 43. ఆ టోర్నమెంటును మాగ్నస్ కార్ల్‌సన్ 13 ఆటల్లో 10 పాయింట్లతో గెలుచుకున్నాడు. మన గుంటూరు జిల్లాకు చెందిన పెంటల హరికృష్ణ కూడా, అంతకు ముందు సంవత్సరం అక్కడే బి గ్రూపు గెలిచిన అర్హతతో, ఆ అగ్రశ్రేణి గ్రూపులోనే ఆడుతున్నాడు. అయినా ఆ ఏటి టోర్నమెంటు అనగానే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఈ ఒక్క ఆటే. ఆ రోజుల్లో ఆనంద్ డ్రాలకే పరిమితమయ్యాడని, దూకుడు తగ్గిందని విమర్శలు గట్టిగా వినపడుతుండేవి. ఆయన అభిమానిగా ఆ మాటలు నాకు బాధ కలిగించేవి. ఈ ఆట వచ్చిన రోజు నేను పడిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఓపెనింగ్, అంటే ఆట తొలి ఎత్తుల వరస, సెమీ స్లావ్ అనే పద్ధతిలోని మెరాన్ వేరియేషన్ అనే శాఖ. 1924లో ఇటలీలోని మెరానో పట్టణంలో జరిగిన టోర్నమెంటులో గ్రున్‌ఫెల్డ్ అనే ఆటగాడి మీద ఆ కాలపు మేటి ఆటగాడు రూబిన్‌స్టీన్ నల్ల పావులతో ఈ పద్ధతిని విజయవంతంగా ఆడిన తర్వాత దానికి ఆ ఊరి పేరు స్థిరపడింది. రూబిన్‌స్టీన్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది. మెరాన్‌లో నల్లవైపు ప్రాణం ఒక్క ఎత్తులో ఉంటుంది. అది సి6 బంటును సి5కు తోయడం. ఆ ఎత్తు పడేదాకా బి7లోని శకటు తన సొంత బంటు వెనక గోడకు ముఖం పెట్టి కూర్చున్నట్టే ఉంటుంది. పడిన మరుక్షణం బి7 నుంచి తెల్లరాజు ఉన్న మూల దాకా దారి తెరుచుకుంటుంది. అందుకే తెల్లవైపు సాధారణంగా బి4 ఆడి ఆ తోపును ఆపాలని చూస్తారు.

11 ఎత్తులు అయ్యేసరికి రెండు వైపులా రాజులు కాస్లింగ్ చేసి కోటలోకి వెళ్ళిపోయారు. తెల్ల మంత్రి సి2లో, శకటు డి3లో ఒకే గీత మీద నిలబడి హెచ్7 బంటు వైపు చూస్తున్నాయి. నల్లవైపు శకటులు బి7, డి6 గళ్ళలో, గుర్రాలు డి7, ఎఫ్6 గళ్ళలో, ఒక ఏనుగు సి8లో ఉన్నాయి. పన్నెండో ఎత్తులో ఆరోనియన్ బి4 ఆడలేదు. గుర్రాన్ని జి5కు దూకించాడు. హెచ్7 మీద ఇప్పుడు మూడు పావుల గురి ఉంది. ఈ ఎత్తును తొందరపాటు అనడం అన్యాయం. నల్లవైపు రాజు ముందరి బంట్లు కదిలేలా చేసి, ఆ బలహీనత మీద నిదానంగా ఆడుకోవాలన్న ఆలోచన అందులో ఉంది.

ఆనంద్ జవాబు సి5. హెచ్7 పోతే పోనిమ్మన్నాడు. ఆరోనియన్ గుర్రంతో హెచ్7 బంటును తీశాడు, ఆ గుర్రం ఇప్పుడు ఎఫ్8లోని ఏనుగు మీద కూడా దాడి చేస్తోంది. ఇక్కడ పిల్లల ముందు నేను ఆటను ఆపుతాను. దాదాపు ప్రతి ఒక్కరి చెయ్యీ ఎఫ్6 గుర్రం మీదికి వెళ్తుంది, హెచ్7 గుర్రాన్ని తిరిగి కొట్టడానికి. అలా కొడితే తెల్ల శకటు హెచ్7కు చెక్‌తో వచ్చి దిగుతుంది, బంటు లాభం తెల్లదే అవుతుంది. ఆనంద్ అదే గుర్రాన్ని పట్టుకున్నాడు, కానీ పెట్టింది జి4లో. తన ఏనుగు మీద ఉన్న దాడిని అలాగే వదిలేశాడు. డి6 శకటు, జి4 గుర్రం రెండూ హెచ్2 బంటు మీద గురిపెట్టాయి, మంత్రి హెచ్4కు రావడానికి సిద్ధంగా ఉంది. ఏనుగును తినే తీరిక తెల్లవైపుకు లేదు.

పద్నాలుగో ఎత్తులో ఆరోనియన్ ఎఫ్ బంటును ఎఫ్4కు నెట్టాడు. డి6 శకటు చూపుకు అడ్డంగా గోడ కట్టడానికి అది అవసరమైన ఎత్తే. కానీ ఎఫ్2లోంచి బంటు లేవగానే రాజు పక్కగా వెళ్ళే ఇంకో ఐమూల గీత, అంటే సి5 నుంచి జి1 దాకా పోయే గీత, ఖాళీ అయిపోయింది. మధ్యలో మిగిలినవి ఇ3, డి4 బంట్లు రెండే. ఆనంద్ డి4లో బంట్ల మార్పిడి చేసి, ఆ గీత మీద డి4 బంటు ఒక్కటే మిగిలేలా చేసి, దారి మూసుకుపోయిన శకటును డి6 నుంచి సి5కు జరిపాడు. ఆ శకటును డి4 బంటు కొట్టవచ్చు. కొడితే డి7 గుర్రం సి5లోకి వచ్చి డి3 శకటు మీద పడుతుంది, నల్ల మంత్రి డి4లో చెక్ ఇచ్చే దారి దొరుకుతుంది. కొట్టకపోతే ఆ బంటు తన రాజుకు అడ్డంగా కట్టుబడి ఉండిపోతుంది, అంటే సి5ను కొట్టడం తప్ప పక్కకు కదలలేదు. ఈ రెండో సంగతి తర్వాతి ఎత్తుకు పునాది.

ఆరోనియన్ శకటును ఇ2కు వెనక్కు తీశాడు. పైకి మంచి ఎత్తులాగే కనిపిస్తుంది. ఒకపక్క జి4 గుర్రాన్ని బెదిరిస్తోంది, ఇంకోపక్క సి2 మంత్రికి హెచ్7 దాకా దారి తెరుస్తోంది. అప్పుడు ఆనంద్ డి7 గుర్రాన్ని ఇ5లో పెట్టాడు. ఆ స్థితిని బోర్డు మీద పెట్టి, నల్లవైపు ఏయే పావులు దాడిలో ఉన్నాయో వేలు పెట్టి లెక్కించండి. ఎఫ్8 ఏనుగును హెచ్7 గుర్రం తీయవచ్చు. సి5 శకటును డి4 బంటు తీయవచ్చు. ఇ5 గుర్రాన్ని ఎఫ్4 బంటు తీయవచ్చు. జి4 గుర్రాన్ని ఇ2 శకటు తీయవచ్చు. నాలుగు పావులు ఒకేసారి ప్రత్యర్థి నోటి ముందు ఉన్నాయి. ప్రపంచ స్థాయి ఆటల్లో ఇలాంటి స్థితిని నేను చాలా అరుదుగా చూశాను.

ఎఫ్4 బంటు ఇ5 గుర్రాన్ని తీస్తే ఏమవుతుందో ఒక్కసారి చేత్తో కదిపి చూడండి. నల్ల మంత్రి డి8 నుంచి తిన్నగా డి4లోకి దిగి బంటును తీసి చెక్ ఇస్తుంది. రాజు హెచ్1 మూలకు పోతాడు. మంత్రి జి1లోకి వెళ్ళి రాజు పక్కనే కూర్చుని మళ్ళీ చెక్ ఇస్తుంది. ఆ మంత్రిని రాజు తీయలేడు, ఎందుకంటే సి5 శకటు అంత దూరం నుంచి ఆ గడిని కాస్తోంది. కాబట్టి ఏనుగే తీయాలి. ఏనుగు జి1లోకి రాగానే ఎఫ్2 దిక్కులేనిది అయిపోతుంది, జి4 గుర్రం అక్కడికి దూకుతుంది, ఆటకట్టు. జి1లో సొంత ఏనుగు, జి2, హెచ్2 గళ్ళలో సొంత బంట్లు, రాజుకు ఊపిరాడే చోటు లేదు. సి2 మంత్రి అడ్డవరసలో ఎఫ్2ను తీయాలనుకున్నా, ఇప్పుడే వెనక్కు తీసిన ఇ2 శకటే దారికి అడ్డంగా ఉంది. నల్లగుర్రాన్ని తరమడానికి ఆడిన ఎత్తే, ఈ వరసలో తన రాజు చావుకు కాపలా కాసినట్టయింది. ఈ చోటుకు వచ్చేసరికి ప్రతిసారీ నాకు మనసు ఉప్పొంగుతుంది. చదరంగం మీద ప్రేమ ఉన్నవాళ్ళకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఆరోనియన్ ఆ ఉచ్చులో పడలేదు. శకటుతో జి4 గుర్రాన్ని తీశాడు. ఆనంద్ సి5 శకటుతో డి4 బంటును చెక్‌తో తీశాడు, రాజు హెచ్1కు పోయాడు, మిగిలిన గుర్రం ఇ5 నుంచి వచ్చి జి4 శకటును తీసింది. పదమూడో ఎత్తు నుంచి కాచుకుని ఉన్న ఏనుగును ఆరోనియన్ పంతొమ్మిదో ఎత్తులో తిన్నాడు. ఈ క్షణాన తెల్లవైపు ఒక పూర్తి ఏనుగు ఎక్కువ. ఎఫ్8లో కూర్చున్న ఆ గుర్రాన్ని రాజు తీయవచ్చు కూడా. ఆనంద్ తీయలేదు. ఎఫ్ బంటును ఎఫ్5కు నెట్టాడు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు నా దృష్టిలో ఈ ఎత్తులో ఉంది. చెక్ లేదు, కొట్టడం లేదు, ఒక ఏనుగు తక్కువతో ఉండి బంటును ఒక గడి ముందుకు జరపడం! రాజుతో గుర్రాన్ని తీసి ఉంటే తెల్ల మంత్రి సి2 నుంచి హెచ్7కు వచ్చి ఊపిరి పీల్చుకునేది. ఎఫ్5 బంటు ఆ గీతను తలుపు వేసినట్టు మూసేసింది. అదే బంటు జి4 గుర్రానికి దన్నుగా కూడా నిలిచింది. దాడి చేసేవాడు ఎదుటి రాజు వైపు మాత్రమే చూస్తూ ఉంటే ఈ ఎత్తు కనిపించదు, ఎదుటివాడికి మిగిలిన ఒకే ఒక్క ఊపిరి రంధ్రం ఎక్కడుందని వెతికేవాడికి కనిపిస్తుంది.

సన్నాహం సంగతి నిజమే. 2012లో మాస్కోలో ఇజ్రాయెల్ ఆటగాడు బోరిస్ గెల్ఫాండ్‌తో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్ కోసం చేసిన సన్నాహంలో ఈ వరస ఉందని ఆనందే ఆట తర్వాత చెప్పాడు. ఆ మ్యాచ్ ఎనిమిదో ఆటలో ఆయన 17 ఎత్తుల్లోనే గెలిచాడు, చివరకు టైబ్రేక్‌లో, అంటే పాయింట్లు సమానమయ్యాక ఆడే అదనపు ఆటల్లో, కిరీటం నిలబెట్టుకున్నాడు. కానీ ఈ అస్త్రం మాత్రం అప్పుడు వాడకుండానే మిగిలిపోయింది. నెలల కిందట చూసిన వరసను బోర్డు ముందు గుర్తు చేసుకోవడం అంటే పద్యాన్ని అప్పజెప్పడం లాంటిది కాదని, పోటీల్లో ఆడినవారెవరైనా ఒప్పుకుంటారు. ఆలోచన గుర్తుంటుంది, ఎత్తుల వరస చెదిరిపోతుంది. నాలుగు పావులు దాడిలో ఉన్న స్థితిలో వరస ఒక్క ఎత్తు తప్పినా ఓటమే కాబట్టి, గుర్తున్నది నిజమో కాదో అక్కడికక్కడే మళ్ళీ లెక్క కట్టి తీరాలి. ఇంటి పని లేకపోతే ఆనంద్ ఈ దారిలో ఇంత ధైర్యంగా నడిచేవాడు కాదేమో. కానీ లెక్క కట్టే శక్తి లేకపోతే ఆ ఇంటి పని బోర్డు మీద ఆయనను గెలిపించేదీ కాదు. ‘కంప్యూటర్ ఆడిన ఆట’ అని దీన్ని తీసిపారేసే వారితో నేను ఏకీభవించను.

ఆటకు వద్దాం. తెల్ల గుర్రం ఎఫ్8 నుంచి జి6కు వచ్చింది. ఎందుకంటే నల్ల మంత్రి హెచ్4కు వచ్చి హెచ్2లో ఆటకట్టు బెదిరించబోతోంది, జి6 నుంచి గుర్రం హెచ్4ను కాస్తుంది. ఆనంద్ మంత్రిని ఎఫ్6కు తెచ్చి ఆ గుర్రం మీదే దాడి పెట్టాడు. ఆరోనియన్ హెచ్3 ఆడాడు, ఆనంద్ గుర్రాన్ని తీశాడు. ఇప్పుడు జి4లోని నల్లగుర్రాన్ని హెచ్3 బంటుతో తీయకూడదా అంటే, తీసిన వెంటనే నల్ల మంత్రి హెచ్6కు జరిగి తెరుచుకున్న హెచ్ వరసలో ఆట కట్టేస్తుంది. జి1 గడిని డి4 శకటు కాస్తూ ఉండటంతో రాజుకు పోవడానికి చోటు లేదు. అందుకని తెల్ల మంత్రి ఇ2కు వచ్చింది. నల్ల మంత్రి హెచ్5కు వెళ్ళింది. అక్కడ హెచ్3 బంటును తీస్తే అదే ఆటకట్టు, ఎందుకంటే జి2 బంటు తిరిగి కొట్టలేదు, కొడితే బి7 శకటు గీత రాజు మీద తెరుచుకుంటుంది. తెల్ల మంత్రి డి3కు వచ్చి మూడో అడ్డవరస గుండా హెచ్3కు కాపలా పెట్టింది. ఆనంద్ డి4 శకటును ఇ3లో, సరిగ్గా ఆ వరస మధ్యలో, పెట్టాడు. మంత్రి చూపు తెగిపోయింది. సి1 శకటుతో దాన్ని తీసినా అదే గడిలో సొంత శకటు అడ్డుగా నిలుస్తుంది. మంత్రితో తీస్తే మంత్రి గుర్రానికి ఆహుతి. ఆరోనియన్ అక్కడే ఓటమి ఒప్పుకున్నాడు.

ఆ చివరి స్థితిలో పావులు లెక్క పెట్టండి. బంట్లు చెరి ఐదు. తెల్లవైపు రెండు ఏనుగులు, నల్లవైపు ఒకటే, దానికి బదులు ఒక శకటు ఎక్కువ. అంటే పావుల విలువ లెక్కన ఆరోనియన్‌దే పైచేయి! మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇక్కడి నుంచి మొదలవుతుంది. తెల్లవైపు సి1 శకటు, ఎ1 ఏనుగు ఆట మొదలైన దగ్గర నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా కదలలేదు. 12వ ఎత్తు నుంచి 23వ ఎత్తు దాకా తెల్లవైపు ఆడిన 12 ఎత్తుల్లో నాలుగు ఆ ఒక్క గుర్రానివే, జి5, హెచ్7, ఎఫ్8, జి6. ఒక బంటును, ఒక ఏనుగును తిని, చివరికి అదే చచ్చింది. ఆ నాలుగు ఎత్తుల కాలంలో ఆనంద్ పావులు రాజు చుట్టూ చేరాయి. మూలన కదలకుండా కూర్చున్న ఏనుగు విలువ పుస్తకంలో ఐదే కావచ్చు, యుద్ధం రెండో మూలన జరుగుతున్నప్పుడు దాని విలువ సున్నా. కాబట్టి ఆనంద్ ఏనుగును త్యాగం చేశాడనే మాటను కూడా నేను కొంచెం సరిదిద్దుతాను. తెల్ల గుర్రం వెళ్ళి ఏనుగును తినడానికి పట్టే కాలాన్ని ఆయన కొనుక్కున్నాడు, దానికి ఏనుగును వెలగా కట్టాడు. ఆరోనియన్ ఆట తెలియక ఓడలేదు. రాజు ముంగిట్లో తన పావుల కంటే ఎదుటివాడి పావులు ఎక్కువై ఉండగా, మూల చివరకు వెళ్ళి లాభం ఏరుకోవలసిన పరిస్థితిలోకి నెట్టబడి ఓడాడు.

రూబిన్‌స్టీన్ దగ్గరకు మళ్ళీ వస్తానన్నాను. 1907లో లోజ్ నగరంలో రోట్లెవీ మీద ఆయన నల్ల పావులతో గెలిచిన ఆటను ‘రూబిన్‌స్టీన్ అమర క్రీడ’ అని పిలుస్తారు. ఆ ఆటలోనూ తెల్లవైపు ఎఫ్4 ఆడి జి1 గీతను తెరుచుకుంది. అక్కడ కూడా ఒక శకటు బి7లో నిలిచింది, రెండోది బి6కు చెక్‌తో వచ్చింది, రాజు హెచ్1కు పోయాడు, గుర్రం జి4లో దిగింది. శకటులు రెండూ పక్కపక్క గీతల మీద సమాంతరంగా రాజు మూలను చీల్చాయి. ఆనంద్ ఆటకు వచ్చేసరికి మధ్యలో వందేళ్ళు దాటాయి, ఓపెనింగ్ కూడా రూబిన్‌స్టీన్ గెలుపుతో మెరాన్ అని పేరు స్థిరపడిందే. ఈ రెండు ఆటలను పక్కపక్కన పెట్టి చూడండి. వాటిలో ఒకటి బాగా అర్థమైనవాడికి రెండోది కొత్తగా అనిపించదు. ఆనంద్ తరం వాళ్ళు పాత ఆటలను చదివి పెరిగారన్నది ఇక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ ఆటను చూపించిన కొన్ని వారాలకే మా పిల్లవాడొకడు జిల్లా స్థాయి పోటీలో ఇలాగే హెచ్7లో గుర్రాన్ని తిరిగి కొట్టకుండా జి4కు దూకించి, ఏనుగును వదిలేసి, పది ఎత్తుల్లో ఓడిపోయి వచ్చాడు. ఏడుస్తున్నవాణ్ణి కూర్చోబెట్టి స్థితిని మళ్ళీ పెట్టించాను. వాడి బి7 శకటు ముందు సి6 బంటు అలాగే ఉంది. సి5 ఆడకుండానే గుర్రాన్ని పంపాడు. ఆనంద్ ముందు తలుపు తెరిచి, తర్వాత గుర్రాన్ని పంపాడని వాడు తనంతట తానే గుర్తించేదాకా నేనేమీ చెప్పలేదు. గుర్తించాక వాడే పావులు సర్ది ఇంకోసారి ఆడదామన్నాడు.

మీరు సాధన చేయాలనుకుంటే కంప్యూటర్ విశ్లేషణ కట్టేసి, 16వ ఎత్తులో తెల్ల శకటు ఇ2కు వచ్చిన స్థితిని పెట్టుకోండి. ఇ5లోకి గుర్రం వెళ్ళాక తెల్లవైపు ఉన్న నాలుగు కొట్టుళ్ళను ఒక్కొక్కటిగా తీసుకుని, ప్రతిదానికీ నల్లవైపు జవాబును కనీసం మూడు ఎత్తుల దాకా కాగితం మీద రాయండి. తర్వాత 19వ ఎత్తు దగ్గర ఆగి, ఎఫ్5 ఆడకుండా రాజుతో గుర్రాన్ని తీసి, తెల్ల మంత్రిని హెచ్7లో పెట్టి, మీరే తెల్లవైపు కూర్చుని ఎంతసేపు నిలవగలరో చూడండి. రాసింది పంపిస్తే నేను దిద్ది పెడతాను.